జేమ్స్‌బాండ్ గడ్డం - కాకా కత్తి

తప్పంతా జేమ్స్‌బాండ్‌ది!

2012 నవంబరులో ‘స్కైఫాల్’ చూసి హనుమకొండ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డప్పుడు నా బుర్రలో ట్రెయిను మీద ఫైటింగు లేదు, ఛేజింగులూ లేవు. మకావ్ హోటల్ గదిలో డేనియల్ క్రెయిగ్ గడ్డాన్ని నవోమి హారిస్ మడతకత్తితో నింపాదిగా గీసే సీనొక్కటే ఆడుతోంది. చేసుకుంటే గడ్డం అలా చేసుకోవాలి గురూ! రోజూ సేఫ్టీ రేజరుతో గీక్కోవడమూ ఒక బతుకేనా?

అప్పటికి నాకు ఇరవై నాలుగు. ఉద్యోగం కొత్త. నిజం చెప్పాలంటే గడ్డం కూడా దాదాపు కొత్తదే.

మరుసటి వారం పనుండి హైదరాబాదు వెళ్ళి, బేగంబజారులో ఒక కొట్లో మంగలికత్తి కొనేశాను. 350 రూపాయలు. పిడి మీద ఇత్తడి గద్ద బొమ్మ, అద్దంలా మెరిసే అలుగు. ఏం చూసి కొన్నావని అడక్కండి. పోస్టరు చూసి హీరోయిన్ని ప్రేమించినట్టు కొన్నాను.

ఆదివారం పొద్దున ఈల వేసుకుంటూ నురగ పూసుకున్నాను. చాప్లిన్ ‘ది గ్రేట్ డిక్టేటర్’ (1940)లో బ్రామ్స్ సంగీతానికి తగ్గట్టు కత్తి ఆడిస్తూ గడ్డం గీస్తాడు చూడండి, ఆ లెవెల్లో ఊహించుకున్నాను. మొదటి వేటుకి వెంట్రుక తెగలేదు, పీక్కుపోయింది. రెండోదానికి చర్మం తెగింది. మూడోసారి కత్తి మూల చెవితమ్మెలో దిగింది. అమ్మ గగ్గోలు పెడుతూ పసుపు అద్దింది. నాన్న పేపరు దించకుండానే, “జేమ్స్‌బాండుకు కుట్లు ఏపియ్యాల్నా?” అన్నారు.

సాయంత్రం మట్టెవాడలో కాకా దగ్గరికి పోయాను. నా చిన్నప్పుడు ఆదివారం ఆదివారం పొది చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చి, తాతకీ నాన్నకీ గడ్డం చేసి, నాకు క్రాపు కొట్టినవాడు. అప్పటికే డెబ్బై దాటాయి. సెలూను కొడుకు నడుపుతున్నాడు. ఎయిడ్స్ భయం పట్టుకున్నాక అందరూ కొత్త బ్లేడు అడగడం మొదలెట్టారు కదా, అక్కడా సగం విరిచిన బ్లేడు బిగించే ఉస్తరానే. కాకా బయట బల్ల మీద కూర్చుని రోడ్డు చూస్తుంటాడు.

నా కత్తి తీసుకుని చేతి అద్దం మీద పరిచాడు. “సూడు బిడ్డా. ఎనుక వీపు, ముందటి అంచు రెండూ అద్దానికి ఆనాలె. నీది ఊగుతాంది. వంకర కత్తి. ఎంత నూరినా గింతే. గిది గోడకు తలిగేసుకునే కత్తి, గడ్డానికి కాదు.”

మెరుపుకీ పదునుకీ చుట్టరికం లేదని అప్పుడు తెలిసింది. అప్పట్నించి రోజూ సాయంత్రం బల్ల మీద నాకు క్లాసే. మూల గుండ్రంగా ఉండాలి. సూదిమూల మీసం అంచుకి బాగుంటుంది గానీ చెయ్యి కుదిరాక. వెడల్పుని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో లెక్కేస్తారు. కొత్తవాడికి అయిదో ఆరో వంతులున్నది చాలు. ఇంకా వెడల్పయితే ముక్కు కింద తిరగదు. రెండు పక్కలా బాగా గుంట తీసిన కత్తి గడ్డం మీద సన్నగా పాడుతుంది, వినసొంపే! కాని పలచన, బరువు చెయ్యి పడితే ఒంగుతుంది. గుంట అసలు లేనిది మొద్దు, నూరేసరికి తాతలు దిగొస్తారు. మధ్యరకం మంచిది. స్టెయిన్‌లెస్సుకి తుప్పు బాధ తక్కువేగాని రాయి మీద మొండికేస్తుంది. కార్బన్ ఉక్కు రాయికి లొంగుతుంది, తడి తుడిచి చుక్క కొబ్బరినూనె రాయకపోతే మాత్రం మచ్చలు పడుతుంది. మూసినప్పుడు అలుగు పిడి మధ్యలోకి దిగాలి, పక్కకి రాసుకోకూడదు.

ఇవన్నీ ఒకెత్తు. కాకా అడిగిన ప్రశ్న ఒకెత్తు. “కొంటవు సరే. నూరేటోడెవడు?” కొట్లోంచి వచ్చిన కొత్త కత్తి కూడా చాలాసార్లు గడ్డానికి పనికొచ్చే పదునుతో రాదట. సానరాయి, తోలుపట్టా, వాటిమీద చెయ్యి తిరిగిన మనిషి... ఈ మూడూ లేకపోతే ఎంత కత్తయినా పెట్టెలో నగే.

అక్కడ నాకో గొప్ప ఐడియా వచ్చింది. కాకా పొదిలో పాత కత్తులు ఉన్నాయి కదా! “కాకా, నీదొకటి అమ్మరాదూ? ఎంతడిగితే అంతిస్తా” అన్నాను.

కాకా చాలాసేపు మాట్లాడలేదు. పొది తెరిచి, అరిగరిగి సగమైన కత్తి ఒకటి తీసి చూపించాడు.

“మా నాయిన కత్తి ఇది. దొర గడీల పైస లేకుంట గీసిండు. గీకుడొక్కటే కాదు, కాళ్ళు పిసుకుడు, దివిటీ పట్టుడు. నా కొడుకు దీన్ని ముట్టడు. మేం ఎప్పుడు ఇడిసిపెడుదుమా అని సూసినం. నీకు సోకుకు కావాలె. నేనియ్య.”

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. గౌతమ్ ఘోష్ ‘మాభూమి’ చూసినవాళ్ళకి వెట్టి సంగతి చెప్పక్కర్లేదు. నేనూ చూశాను. మా ఇంటికొచ్చే కాకాకీ ఆ సినిమాకీ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు. జగపతిబాబు క్షురకుడిగా వేసిన ‘కథానాయకుడు’ (2008) గుర్తుందా? అదే కథతో 2009లో హిందీలో ‘బిల్లు బార్బర్’ వస్తే, ఆ మాట తమని కించపరుస్తోందని సెలూన్లవాళ్ళు అభ్యంతరం చెప్పారు. షారుక్ ఖాన్ పేరులోంచి ‘బార్బర్’ తీసేయించి ‘బిల్లు’గా విడుదల చేశాడు. అప్పట్లో “ఒక్క మాటకి ఇంత గొడవా?” అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

వారం రోజులు ఆ వీధి వైపు పోలేదు. తర్వాత కాకాయే కబురంపాడు: “కత్తి కొన్నవా, బుద్ధి తెచ్చుకున్నవా?”

కాకా చెప్పిన గుర్తులన్నీ కాగితం మీద రాసుకుని, వాడిన జర్మనీ కత్తి ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను. సోలింజన్ ముద్ర, ఆరు వంతుల వెడల్పు, గుండ్రటి మూల, 2,800 రూపాయలు. ఫోటోల్లో అంచు మీద గంటు గానీ తుప్పు గుంట గానీ ఉందేమోనని భూతద్దంతో వెతికాను. ఇక్కడో చిన్న సంగతి. 1800ల తొలినాళ్ళలో లండన్లో స్టోడార్ట్ అనే ఆయన, యూరప్ ఉక్కుకన్నా తనకిదే మేలని చెప్పి, ఇండియా ‘వుట్జ్’ ఉక్కుతో గడ్డం కత్తులు చేసి అమ్మేవాడు. ఆయనా, తర్వాత కరెంటు పరిశోధనలతో పేరుమోసిన ఫారడేయూ కలిసి ఉక్కు మీద చేసిన ప్రయోగాలు 1820లో అచ్చయ్యాయి. ఆ వుట్జ్ రకం ఉక్కు తీసిన ఊళ్ళలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పర్షియా వర్తకులు అక్కడికొచ్చి కొనుక్కుపోయేవారు. ఈ మాట చెబితే కాకా, “మరి గా జర్మనోని ముద్రకు పైసలెందుకు పెట్టినవ్?” అన్నాడు.

కత్తిని అద్దం మీద పరిచాడు. ఊగలేదు. రెండు సాయంత్రాలు నూరాడు. తోలుపట్టా మీద వీపు ముందు, అంచు వెనక. తిప్పేటప్పుడు వీపు మీదే తిప్పాలి, అంచు మీద తిప్పితే పట్టా తెగి పదును పోతుంది. నా చేత వందసార్లు చేయించాడు.

“ఇగ బుగ్గ మీద గీకు” అన్నాడు.

నేను ధైర్యం తెచ్చుకుని చెంపకి నురగ పూశాను. లోపల కొడుకు పకపకా నవ్వి, ఎర్ర బెలూనొకటి ఊది నా చేతిలో పెట్టాడు. మా దిక్కున దాన్నీ బుగ్గే అంటారు మరి! నాలుగు బుగ్గలు పేలాయి. అయిదోది మిగిలింది. ఆ తర్వాతే నా సొంత బుగ్గ. చర్మం లాగిపట్టి, కత్తిని చర్మానికి ముప్ఫై డిగ్రీల వాలులో ఉంచి, వెంట్రుక వాటాన్నే, మొదటి నెలంతా చెంపలు మాత్రమే. గెడ్డం కిందా, మీసం దగ్గరా పాత సేఫ్టీ రేజరే. బాండుగారికి ఈ బాధల్లేవు.

తర్వాత కొన్నేళ్ళు నెలకోసారి కత్తి పట్టుకుని ఆ బల్ల దగ్గరికి పోయేవాణ్ణి. నూరినందుకు వంద రూపాయలు. ఒక దసరాకి మిఠాయి పొట్లం తీసుకెళ్ళి, కబుర్లలో పడి డబ్బు సంగతి మర్చిపోయి లేచాను. కాకా పొట్లం అందుకున్నాడు, ఒక లడ్డు నోట్లో వేసుకున్నాడు, స్కూటరు దాకా వెంట వచ్చి చెయ్యి చాచాడు.

“వంద.”