గీత తెగిందా, తెగలేదా

రండి, కుంపటి దగ్గరికి జరగండి. డిసెంబరులో మా గోలేటి చలి ఎట్లా ఉంటుందో ఒక రాత్రి ఇక్కడ పడుకున్నవాళ్లకే తెలుసు. పొద్దు గూకితే చాలు, క్వార్టర్ల ముందు వరసగా నిప్పులు వెలుగుతాయి. చేతులు కాచుకుంటూ వినండి. ఈ పూట మీకు కంప్యూటర్ తెర మీద గీత గీయడం గురించి చెప్తాను.

గీత గీయడంలో చెప్పడానికేముందని మీరనుకోవచ్చు. ఇటు మొదలు, అటు చివర, మధ్యలో గీత. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. మా బాపు ఒక ప్రశ్న అడిగాక ఆ నమ్మకం పోయింది.

గోలేటి ఎక్కడో తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, రెబ్బెన మండలం. సింగరేణి బెల్లంపల్లి ఏరియా జీఎం ఆఫీసు ఉన్నది ఈ ఊళ్లోనే. ఇక్కడ గనిని గని అనరు, బాయి అంటారు. మా బాపు బాయిలో సర్వే సెక్షన్ చైన్‌మన్‌గా చేసి దిగిపోయాడు. బొగ్గు కొట్టే పని కాదు ఆయనది, కొలిచే పని. గొలుసు పట్టడం, దీపం చూపడం, పైకప్పులో పెగ్గులు కొట్టడం. గ్యాలరీ, అంటే బొగ్గులో తవ్వుకుంటూ పోయే దారి, ఎటు పోవాలో చెప్పేది సర్వేవాళ్లే కదా. పైకప్పు పెగ్గుల నుంచి రెండు దారాలు వేలాడదీస్తారు. వెనక నిలబడి చూస్తే ఆ రెండు దారాలూ ఒక్కటై కనిపించాలి. ఆ చూపు పోయి ఫేస్ మీద, అంటే ఎదురుగా తవ్వాల్సిన బొగ్గు గోడ మీద, ఎక్కడ తగిలితే అక్కడ సున్నంతో గుర్తు పెడతారు. అదే సెంటర్ లైన్. తర్వాత షిఫ్టు వాళ్లు దాన్ని నమ్ముకుని ముందుకు పోతారు.

పని అయిపోయాక బాపు ఆఫీసులో కాసేపు కూర్చునేవాడు. అక్కడ డ్రాఫ్ట్స్‌మన్ పెన్నులు కడిగే పని తనంతట తనే పెట్టుకున్నాడు. రాట్రింగ్ పెన్నులు. ఒక్కొక్కటి ఒక్కో మందం: 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటర్లు. ఈ అంకెలు ఎవరో సరదాగా వేసినవి కావు. ఏ రెండు పక్క పక్క అంకెలు తీసుకున్నా పెద్దది చిన్నదానికి సుమారు 1.4 రెట్లు ఉంటుంది. ఏ4 కాగితం మీది బొమ్మను ఏ3కు పెంచితే పొడవులన్నీ అంతే రెట్లు పెరుగుతాయి. కాబట్టి 0.25 గీత పెద్ద కాగితం మీద 0.35 గీత అవుతుంది, దాని పక్కన చేత్తో గీసిన 0.35 గీత అతికినట్టు కలిసిపోతుంది. ఇంత ముందుచూపుతో చేసిన వస్తువంటే నాకు ఈనాటికీ గౌరవం. సన్న పెన్నులో సిరా ఎండితే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు బాపు. లోపలి తీగ ముక్క టిక్ టిక్‌మని కదిలితే పెన్ను బతికినట్టు.

ఇక కంప్యూటర్‌లో. 1985 నవంబరులో మొదటి విండోస్ వచ్చినప్పుడే అందులో గీతలకూ రంగులకూ జీడీఐ అనే భాగం పెట్టారు. చేసినవాళ్లు డ్రాయింగ్ బల్లను బాగా ఎరిగినవాళ్లని దాని పద్ధతి చూస్తేనే తెలుస్తుంది. గీత గీయాలంటే ముందు పెన్ను తయారు చేసుకోవాలి. క్రియేట్‌పెన్ అని పిలిచి మూడు సంగతులు చెప్పాలి: గీత తీరు, మందం, రంగు. సెలెక్ట్‌ఆబ్జెక్ట్‌తో ఆ పెన్నును చేతికివ్వాలి. చేతికంటే డివైస్ కాంటెక్స్ట్‌కు, అందరూ డీసీ అంటారు. మూవ్‌టు అంటే పెన్ను ఎత్తి మొదటి చోట పెట్టడం. లైన్‌టు అంటే అక్కడి నుంచి లాక్కుపోవడం. అంతకు ముందు నుంచే ఉన్న పెన్ ప్లాటర్లలో కూడా ఇదే మాట: పెన్ను పైకి, పెన్ను కిందికి. ఆ ప్లాటర్ల కోసమే 1962లో ఐబీఎంలో జాక్ బ్రెసెన్‌హామ్ ఒక లెక్క కనిపెట్టాడు. ఏటవాలు గీత ఏయే గడుల మీదుగా పోవాలో పూర్ణాంకాల కూడికలు, తీసివేతలతోనే తేలిపోతుంది. ఆ లెక్క చేత్తో గళ్ల కాగితం మీద ఒక్కసారి చేసి చూడండి, మనసు నిండుతుంది.

సరే, బాపు ప్రశ్న దగ్గరికి వస్తాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. నేను చదువు ముగించుకుని ఇంటికొచ్చి, అభ్యాసం కోసం ఒక ప్రోగ్రాం రాసుకుంటున్నాను. గని ప్లాను గీసే ప్రోగ్రాం. బాయి నాదే, నేనే కల్పించుకున్నది: అడ్డంగా పోయే లెవెళ్లు, వాలుగా దిగే డిప్పులు, మధ్యలో వదిలిన బొగ్గు పిల్లర్లు, ఓ మూల నీళ్లు నిండిన పాత పనులు (ఎప్పుడో తవ్వి వదిలేసినవి), వాటికి నీలం చారలు. తవ్వేసిన గ్యాలరీలకు నిండు గీత. ఇంకా తవ్వాల్సిన వాటికి తెగిన గీత, అంటే ముక్కలు ముక్కలుగా. తెర మీద ఎంతో చక్కగా వచ్చింది. తెగిన గీతల సందుల్లో తెల్లటి మచ్చలు వచ్చి కింది నీలం చారలు చెరిగిపోతుంటే, సెట్‌బికెమోడ్‌తో వెనక రంగును ట్రాన్స్‌పరెంట్ చేయాలని కూడా నేర్చుకున్నాను. ఆ ఉత్సాహంతో ప్రింటు తీసి బాపుకు చూపించాను.

"ఆనుతలేదు బిడ్డా," అన్నాడు. ఆయన కళ్ల తప్పు లేదు. తెర మీద ఒక పిక్సెల్ గీత కాగితం మీద ప్రింటర్ చుక్కంతే అవుతుంది. అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటర్‌లో అది మిల్లీమీటరులో ఇరవై నాలుగో వంతు. వెంట్రుక కన్నా సన్నం. నేను వెళ్లి పెన్ను మందం పెంచాను. ఆ ఒక్క అంకె తప్ప ఇంకేదీ ముట్టలేదు. మళ్లీ ప్రింటు తీసి తెచ్చాను.

బాపు ఈసారి కాగితాన్ని దీపం కిందికి జరుపుకున్నాడు. వేలు నీళ్ల వైపు పోయే గ్యాలరీ మీద ఆగింది.

"గిది ఎప్పుడు తవ్విండ్రు?"

"ఇంకా తవ్వలే బాపు. తవ్వబోయేది."

"తవ్వనిదైతే గీత తెగాలె గద. తెగలే."

చూస్తే నిజమే. నా తెగిన గీతలన్నీ నిండు గీతలైపోయాయి. నేను రాసిన ప్రోగ్రాంలో 'తెగిన గీత' అనే ఉంది. తెర మీద ఏ హెచ్చరికా రాలేదు. కారణం ఆ రాత్రంతా వెతికితే దొరికింది. క్రియేట్‌పెన్ ఇచ్చే పెన్నులో తెగిన తీరు ఒక పిక్సెల్ మందం వరకే పనిచేస్తుంది. మందం అంతకు మించితే విండోస్ మారు మాట్లాడకుండా నిండు పెన్ను చేతికిస్తుంది. లావుగానూ ఉండాలి, తెగాలి కూడా అంటే ఎక్స్‌ట్‌క్రియేట్‌పెన్ పిలిచి, జియోమెట్రిక్ పెన్ను అడగాలి. ఇది పుస్తకంలో ఒక వాక్యంలో ఉంటుంది. నేను ఆ వాక్యం చదివి కూడా దాటేశాను, నా గీత ఏం చెబుతోందో అప్పటికి నాకు తెలియదు కాబట్టి.

ఆ తర్వాత ఒక్కొక్క గీతనూ నేల మీది కొలతతో చూడటం మొదలుపెట్టాను. మీరూ నాతో పాటు లెక్కేయండి. ప్లాను స్కేలు 1:2000 అనుకుందాం. 0.5 పెన్నుతో గీసిన గీత మందమే భూమిలో ఒక మీటరు. మామూలు తెర మీద, అంగుళానికి 96 చుక్కల లెక్కన, ఒక్క పిక్సెల్ అర మీటరు దాటుతుంది. ఇప్పుడు వినండి: లైన్‌టు తన చివరి చుక్కను గీయదు. అక్కడిదాకా పోతుంది, ఆ చుక్క ముందు ఆగుతుంది. గీతలు ఒకదానికొకటి గొలుసులా అతుక్కోవాలని అట్లా పెట్టారు, అందులో తప్పు లేదు. కానీ సన్న పెన్నుతో చిట్టచివరి గ్యాలరీ గీస్తే అది అర మీటరు పొట్టిగా ఆగుతుంది.

పొట్టిదనం కన్నా పొడుగు ఇంకా చిక్కు తెస్తుంది. 4.8 మీటర్ల వెడల్పు గ్యాలరీని రెండు గీతలతో ఎందుకు గీయాలి, తొమ్మిది పిక్సెళ్ల లావు పెన్నుతో ఒకే గీత లాగేస్తే పోదా అనిపిస్తుంది. నేను అదీ చేశాను. క్రియేట్‌పెన్ లావు పెన్నుకు మూతి గుండ్రంగా ఉంటుంది. గీత చివర దాటి మందంలో సగం మేర బయటికి ఉబుకుతుంది. అంటే మనిషి అడుగు పెట్టని బొగ్గులోకి ప్లాను మీద రెండు మీటర్ల పైచిలుకు తవ్వేసినట్టు. ఎక్స్‌ట్‌క్రియేట్‌పెన్‌లో చదును మూతి అడగొచ్చు. తర్వాత వచ్చిన జీడీఐ ప్లస్‌లో, ఇప్పుడు సీ షార్ప్ పిల్లలు వాడే పెన్‌లో, చదును మూతే ముందుగా ఉంటుంది, తెగిన గీత కూడా ఎంత లావైనా తెగినట్టే ఉంటుంది. ఈ మార్పు చేసినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

కొలతలు సరిచేయడానికి ఇంకో మంచి దారి కూడా జీడీఐలోనే ఉంది. మ్యాపింగ్ మోడ్‌ను హైమెట్రిక్‌కు మారిస్తే ఒక్కో యూనిట్ మిల్లీమీటరులో వందో వంతు. అప్పుడు పెన్ను మందం 25 అని చెప్తే ఏ ప్రింటర్ మీదైనా సుమారు 0.25 మిల్లీమీటర్లే ఉండేలా విండోసే లెక్క చూసుకుంటుంది. 35, 50, 70. బాపు కడిగిన పెన్నులన్నీ వచ్చి నా ప్రోగ్రాంలో వరసగా కూర్చున్నాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

పెన్ను తిరిగి ఇవ్వడం గురించి కూడా చెప్పాలి. కొత్త పెన్ను చేతికిచ్చినప్పుడు సెలెక్ట్‌ఆబ్జెక్ట్ పాత పెన్నును మనకు తిరిగిస్తుంది. దాన్ని దాచుకుని, పని కాగానే మళ్లీ చేతికిచ్చి, మనం చేసిన పెన్నును డిలీట్ చేయాలి. ఒక ప్రోగ్రాంకు మామూలుగా 10,000 జీడీఐ వస్తువులే. రెండు వందల పిల్లర్లకు తలా ఒక పెన్ను చేసి వదిలేస్తే, తెర యాభై సార్లు తిరిగి గీసేసరికి ఖజానా ఖాళీ. ఆపైన గీతలు అడిగిన పెన్నుతో రావు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి, పైన నీళ్లు నిండి ఉన్న పాత పనుల నుంచి నీళ్లు విరుచుకుపడి 375 మంది పోయారు. మన బెల్టులోనే 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు చొచ్చుకొచ్చి 17 మందిని తీసుకుపోయాయి. ఆ రోజు ఇక్కడ గోలేటిలో కూడా చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు. అమెరికాలో 2002 జూలైలో క్వీక్రీక్ గని కార్మికులు తాము పాత సాక్స్‌మన్ గనికి చాలా దూరంలో ఉన్నామనుకుని బొగ్గు కొట్టారు. వాళ్ల చేతిలో ఉన్న ప్లాను ఆ పాత గని ఆఖరిదాకా తవ్విన ప్లాను కాదు. గోడ తెగి నీళ్లు దూకాయి. తొమ్మిది మంది లోపల చిక్కారు. పైనుంచి బోరు వేసి, 77 గంటల తర్వాత తొమ్మిది మందినీ ప్రాణాలతో తీశారు.

ఇట్లాంటివి జరగకూడదనే మన బొగ్గు గనుల నిబంధనల్లో 60 మీటర్ల మాట ఉండేది: నీళ్లుండే పాత పనులకు అంత దగ్గరికి వచ్చిన పని, రాతపూర్వక అనుమతి లేకుండా ముందుకు కదలకూడదు. 1:2000 ప్లానులో అరవై మీటర్లంటే మూడు సెంటీమీటర్లు. మీ బొటనవేలు వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. ఆ మూడు సెంటీమీటర్ల జాగాలో తెగిన గీతా, నిండు గీతా ఒకటి కావడానికి వీల్లేదు. మా బాపు వేలు ఆగింది ఆ జాగా వైపు పోయే గీత మీదే మరి.

జియోమెట్రిక్ పెన్నూ చదును మూతీ పెట్టి, హైమెట్రిక్‌లోకి మార్చి, మూడోసారి ప్రింటు తీసి తెచ్చాను. బాపు ఇదే కుంపటి దగ్గర కూర్చుని ఉన్నాడు. జేబులోంచి స్టీలు స్కేలు తీసి, గ్యాలరీ కొస నుంచి నీలం చారల అంచుదాకా పెట్టాడు. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. పెదాలు కదుపుతూ డెబ్బై ఆరు మీటర్లని లెక్క కట్టాడు. తెగిన గీతల మీద వేలితో ఒక్కొక్క ముక్కా తడిమాడు. తర్వాత కాగితం నాలుగు మూలలూ చూశాడు, తిప్పి వెనక కూడా చూశాడు.

"గీతలు మంచిగున్నయి," అన్నాడు. "తారీఖేది?"

"ఏం తారీఖు బాపు?"

"ఎన్నటిదాకా కొలిచిన ప్లానో రాయాలె గద. తారీఖు లేకపోతే ఇది నిరుడుదా, ఇయ్యాల్టిదా? లోపలికి పోయేటోనికి ఎట్ల తెలుస్తది?"

లేచి లోపలికి వెళ్లాను. తారీఖు వేయబోతే నేను అంతసేపూ సానబట్టిన పెన్నుల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. విండోస్‌లో అక్షరాలను పెన్ను రాయదు, ఫాంటు రాస్తుంది, రంగు కూడా దానికి వేరే చెప్పుకోవాలి. అప్పుడు అది నేర్చుకుని, కుడివైపు కింది మూలలో ఆ రోజు తారీఖు వేసి, నాలుగో ప్రింటు తెచ్చి ఇచ్చాను. బాపు చూసి, మడత పెట్టకుండా చుట్ట చుట్టి, గోడకు ఆనించి పెట్టుకున్నాడు.