మరక మీద మూత

ఈమధ్య ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా, తాంబూలం అందుకునేలోపే మెడలెత్తి ఇంటి కప్పు చూస్తున్నాం. అంచుల వెంట దాక్కున్న లైట్లు, మెట్లు మెట్లుగా డిజైన్లు. నేనూ ముచ్చటపడేదాన్నే. మా ఇంటికి మాత్రం ఫాల్స్ సీలింగ్ ముచ్చట కొద్దీ కాదు, మరక దాచడానికి రాబోయింది.

మా హాల్లో ఒక మూల స్లాబుకి చెమ్మ దిగుతుంది. ఏటా వానలకి మరక చాటంతయి పెచ్చులు రాలేవి. శ్రావణంలో పెద్దమ్మాయి నిశ్చితార్థం అనుకున్నాక మావారు, "వియ్యాలవారు కూర్చునేది సరిగ్గా దాని కిందే. జిప్సం బోర్డులు కొట్టించేస్తే ఎవరికీ కనపడదు" అన్నారు.

మనుషులకి కనపడదు, సరే. నీళ్లకి ఆ సంగతి ఎవరు చెప్తారు?

కొలతలకి వచ్చిన మేస్త్రీకి కాఫీ ఇచ్చి అన్నీ అడిగాను. గోడల చుట్టూ రేకు చానెళ్లు కొడతారు. స్లాబులోకి బోల్టులు దించి, వేలాడే పట్టీలకి అడ్డంగా అడుగున్నరకొకటి చొప్పున సెక్షన్లు బిగిస్తారు. వాటికి 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 12.5 మిల్లీమీటర్ల మందం ఉన్న బోర్డులు స్క్రూలతో పట్టిస్తారు. అతుకుల మీద కాగితం టేపు, దాని మీద లప్పం, ఆరాక రుద్దుడు. బోర్డంటే రెండు అట్టల మధ్య జిప్సమే. తడి తగిలితే మెత్తబడి పొట్టలా కిందికి దిగుతుంది. అంతకంటే భయం స్లాబు గురించి. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటుని తోసేస్తుంది. కళ్లెదుట ఉంటే పెచ్చు రాలినప్పుడన్నా తెలుస్తుంది.

"మరకతోనే నిశ్చితార్థం చేద్దాం" అన్నాను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. పరువంటారాయన. చివరికి అమ్మాయే, "వాళ్లింటి మీదా వాన పడుతుంది కదా నాన్నా" అంది.

వచ్చారు, తాంబూలాలు మార్చుకున్నారు. వియ్యపురాలు ఒకసారి తలెత్తి చూసి, "మా వంటింట్లోనూ ఇంతే వదినగారూ" అని ఇంకో అప్పడం వేయించుకుంది.

సంక్రాంతి వెళ్లాక డాబా పగుళ్లు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, గట్టు కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టాం. కింద చుక్క లేదు. అప్పుడు పిలిచాం మేస్త్రీని. ఫ్యాను బరువు బోర్డు మీద పడకుండా స్లాబు కొక్కేనికే తగిలించి, రాడ్డు పొడుగుది మార్పించాను. ఆ చెమ్మ మూల తెరిచి చూసుకోవడానికి చిన్న తలుపు పెట్టించాను. మీరూ పెట్టించుకోండి, మేస్త్రీ అందం పోతుందంటాడు, వినకండి. రుద్దుడు రోజున లేచే తెల్లపిండికి మాత్రం పాత చీరలు ఎన్నున్నా చాలవు. పోపులడబ్బాలోకి కూడా పోయింది.

అత్తయ్య గదిలో ఇంకో పేచీ. నడిమధ్య ఉయ్యాల కొక్కెం ఉంది. మావారూ, ఆడపడుచులూ, మా పిల్లలిద్దరూ దానికి కట్టిన ఉయ్యాల్లోనే పడుకున్నారు. "మూస్తే మళ్లీ ఎక్కడ కడతారే?" అన్నారు. బోర్డుకి గుండ్రంగా కన్నం కోయించి కొక్కేన్ని బయటికే వదిలాం. చూడ్డానికి అంత బావులేదు, నిజమే. ఇంటికొచ్చినవాళ్లు అదేమిటని అడుగుతుంటారు. అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని మొదలుపెడతారు.