మామ్మ సంతకం

మా మామ్మ పుట్టింది మద్రాసు రాజధానిలో, కాపురం చేసింది ఒరిస్సాలో. అలాగని ఆవిడ ఎంతో దూరం వచ్చిందనుకోకండి. పుట్టిల్లూ అత్తవారిల్లూ బరంపురంలో ఒకే వీధిలో ఎదురెదురుగా ఉండేవి. మేనబావకే ఇచ్చారు. పెళ్లిచీరతో వీధి దాటి ఇవతలి గుమ్మంలోకి వచ్చింది, అంతే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో చాలా భాగం, బరంపురంతో సహా, అందులో కలిసింది. "నాకప్పుడు పద్నాలుగేళ్లు. నీళ్లబిందెతో వస్తంటే మీ తాత సెప్పేడు, మనం ఇప్పుడు ఒరిస్సావోళ్లమని. బియ్యం ధరేటైనా మారతాదా అని అడిగేను" అనేది మామ్మ. ఆవిడ పుట్టినతేదీ ఎక్కడా రాసి లేదు. ఈ మాటనుబట్టే 1922లో పుట్టి ఉంటుందని లెక్క కట్టాను. బ్యాంకు ఉద్యోగిని కదా, ఆ గడి ఖాళీగా వదలబుద్ధి కాదు.

మామ్మకు ఒక్కతే చెల్లెలు. ఆవిణ్ణి ఇచ్ఛాపురం ఇచ్చారు. బరంపురం నుంచి రైల్లో పాతిక కిలోమీటర్లు. ఇచ్ఛాపురం మద్రాసులోనే ఉండిపోయింది, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంలోకి వచ్చింది. ఒకే ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకరి పిల్లలు ఒడియా బడికీ, ఒకరి పిల్లలు తెలుగు బడికీ వెళ్లారు.

మేం దేవాంగులం. మా పెద్దల్ని మహురి రాజులు రాజమహేంద్రవరం వైపు నుంచి నేతపని కోసం పిలిపించారని మావాళ్లు చెప్పుకుంటారు. బరంపురం పట్టుచీర అంచున గుడిశిఖరాల్లా వరసగా తేలే ఫోడా నేతకు 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మగ్గం మీద కూర్చున్నవాడి పేరు పదిమందికీ తెలుస్తుంది. పడుగుకు ఆసు పోసేదీ, పేకకు కండెలు చుట్టేదీ ఇంట్లో ఆడవాళ్లు. మామ్మ తెల్లవారకముందే రాట్నం దగ్గర కూర్చునేది. తాతయ్య గుంటలోకి దిగేసరికి కండెల బుట్ట నిండి ఉండేది. అలా అరవై ఏళ్లు.

బజారులో బేరం ఒడియాలో ఆడేది. ఇంట్లో దారం లెక్క మాత్రం తెలుగే. పొరుగింటివాళ్లు పఖాళ అంటే తను తరవాణి అనేది, రెండు కుండలూ ఒకే అరుగు మీద ఉండేవి. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర వచ్చేది. అమ్మవారు మా కులపెద్ద దేశిబెహరా ఇంటి ఆడపడుచు. గుడి నుంచి పుట్టింటికి వచ్చి, యాత్ర జరిగిన నాళ్లూ ఆ వీధిలోనే ఉంటుంది. ప్రతి యాత్రకీ చిన్నమామ్మ ఇచ్ఛాపురం నుంచి ప్యాసింజరులో దిగేది. "అమ్మోరు పుట్టింటికొచ్చింది, నేను రావద్దేటి?" అంటూ గుమ్మంలో చెప్పులు విడిచేది. ఆ వారం రోజులూ మా ఇంట్లో రాట్నం తిరిగేది కాదు.

మిగతా కాలమంతా వాళ్లిద్దరి మధ్య కార్డులే. మామ్మ బడికి వెళ్లలేదు. తమ్ముడి పలక పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకుంది. నేను చదివింది ఒడియా బడిలో. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా మామ్మే, కండెలు చుడుతూ, తప్పు రాస్తే కాలితో పలక వెనక్కి తోస్తూ. నెలకో కార్డు రాసేది. చిరునామా మాత్రం నాచేత ఇంగ్లీషులో రాయించేది. వెనకవైపు ఏం రాసిందో నేనెప్పుడూ చూడలేదు.

1996లో తాతయ్య పోయాడు. ఆయన పేరున ఒక బ్యాంకులో కొంత సొమ్ముంది. నేను అప్పటికి వేరేచోట కొత్తగా ఆఫీసరునయ్యాను. రెండు రోజుల సెలవు మీద వచ్చి మామ్మను వెంటబెట్టుకు వెళ్లాను. కాగితాల మీద ఆరుచోట్ల సంతకాలు కావాలి. మామ్మ కుర్చీలో ముందుకు జరిగి, పైట సర్దుకుని, కలం పట్టుకుంది. ఇంటిపేరు మొదటి అక్షరానికే నిమిషం పట్టింది. నాకు మధ్యాహ్నం రైలుంది.

"మామ్మా, వేలిముద్ర వేసెయ్, తొందరగా అయిపోతుంది" అన్నాను.

"నాకు రాయడం వొచ్చు కదరా" అంది.

అక్కడివాళ్లు సంతకం వద్దనలేదు. ఏ భాషలో చేసినా సంతకం సంతకమే, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా కలం ఆవిడ చేతిలోంచి నేనే తీసుకుని, సిరాపెట్టె ముందుకు జరిపాను. తమాషా ఏమిటంటే ముద్ర సరిగా పడలేదు. పట్టుదారం ఒరిసి ఒరిసి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ఒక్కోటి రెండేసి మూడేసిసార్లు వేయించవలసి వచ్చింది. రైలు ఎలాగూ తప్పిపోయింది.

ఆ రాత్రి మామ్మ వేలికి కిరసనాయిలు రాసుకుని తుడుచుకుంది. నన్నేమీ అనలేదు. మర్నాడు పొద్దున్న కార్డు తెచ్చి, చిరునామా రాయమంది. రాసిచ్చాను.

మామ్మ 1999 వేసవిలో పోయింది. తర్వాత కొన్నేళ్లకు చిన్నమామ్మా పోయింది. వాళ్లబ్బాయి పాత ఇల్లు పడగొట్టించేటప్పుడు, "మీ మామ్మవి, నీ దగ్గరుండాలి" అని ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి ఇచ్చాడు. నిండా కార్డులు. చిరునామాలన్నీ నా దస్తూరీయే. వెనకవైపు మొదటిసారి చూశాను. వెతికి వెతికి ఆ రోజు కార్డు తీశాను. కూడబలుక్కుంటూ చదివాను.

చెల్లికి దీవెనలు, ఇక్కడ అందరం క్షేమం. మీ బావ సొమ్ము నా పేర మార్చేరు. మనవడు దగ్గరుండి పని చేయించేడు. వాడు ఆఫీసరని తెలిసి అక్కడోళ్లు కుర్చీ వేసేరు. సంతకం అడగలేదు, వేలిముద్ర చాలన్నారు. నువ్వు ఎండల్లో బయటికి రాకు.

అంతే. నా ఊసు లేదు. చెల్లెలి దగ్గర కూడా నా తప్పు బయటపెట్టలేదు. కాని మిగతా కార్డులన్నిటి కిందా "నీ అక్క" అని మాత్రమే ఉంది. ఈ ఒక్కదాని కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, గుండ్రంగా, తొందర లేకుండా రాసి ఉంది.

ఇప్పుడు ఎవరైనా ముసలమ్మ కౌంటరు దగ్గరకొచ్చి "వేలు ఎక్కడ పెట్టాలి బాబూ" అంటే, ముందు "రాయడం వచ్చా అమ్మా" అని అడుగుతాను. వచ్చునంటే కుర్చీ వేయిస్తాను. వెనక వరసలోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.

మా అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఆ కార్డు చదివి వినిపించాను. "ఆవిడ పేరెక్కడుంది నాన్నా?" అంది. అడుగున ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూపించాను. ఆ పూట ఆ పేరులో ఉన్న అక్షరాలు నేర్చుకుంది. మిగతావి ఇంకా నేర్పాలి.