చేపల చెరువు వ్యవసాయమేనా?



కొల్లేటి గ్రామములోని మా సంఘపెద్ద ఒకరు చెరువు కౌలుకు తీసుకొని చేపలు పెంచుతున్నారు. “అయ్యగారూ, సేద్యానికి పన్ను లేదు గదా, నేను రిటర్ను వేయాలా?” అని ఒకసారి మమ్ములను అడిగారు. “అవసరం లేదు” అని తొందరపడి చెప్పాము. కొంతకాలానికి వారికి నోటీసు వచ్చింది. ఆ కాగితము పట్టుకొని మా గుమ్మములో నిలబడిన ఆయన మమ్ములను ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇద్దరము ఏలూరులో రైలెక్కి, తాడేపల్లిగూడెంలో మాకు తెలిసిన ఆడిటరుగారిని కలిశాము. ఆయన ఓపికగా వివరించారు. వరి, చెరకు, కొబ్బరి పండించి అమ్మిన సొమ్ము వ్యవసాయ ఆదాయము. దానికి ఆదాయపు పన్ను లేదు. చేపలు, రొయ్యలు నేలను సాగుచేసి తీసే పంట కావు గనుక ఆ లాభము వ్యాపార ఆదాయమే. 2025 బడ్జెట్ తరువాత కొత్త విధానములో ఇటువంటి ఆదాయము 12 లక్షల వరకు పన్ను పడదు. అయినా 4 లక్షలు దాటితే రిటర్ను వేయవలసినదే. కౌలు, మేత, చేపపిల్లల ఖర్చులకు రసీదులు దాచుకోవాలి. బ్యాంకువారు వడ్డీలో ఎక్కువ పన్ను పట్టుకొని ఉంటే, అదీ రిటర్ను వేస్తేనే తిరిగి వస్తుంది.

పెద్దగారు పాత పన్నును వడ్డీతో సహా కట్టారు. తరువాతి ఆదివారము సంఘము ఎదుట మా పొరపాటు ఒప్పుకున్నాము. సుంకరియైన మత్తయిని గూర్చి ఎన్నోసార్లు ప్రసంగించిన మేము సుంకము లెక్క నేర్చుకోలేదు. “తెలియదు, అడిగి చెబుతాము” అనడము కాపరికి చిన్నతనము కాదు.