డొంకదారులు

నడక దరిద్రుని లక్షణమను మూఢవిశ్వాసము మన దేశమున చిరకాలముగా పాతుకొనిపోయి యున్నది. కాళ్లుండియు నడవకుండుటయే గౌరవమని మనవారి తలంపు. పూర్వము పల్లకి, తరువాత గుఱ్ఱపుబండి, పిమ్మట మోటారుకారు: వాహనములు మాఱినవి గాని భావము మాఱలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి పోయి వచ్చి, త్రోవలోని యూళ్లను, సత్రములను, నీటివసతులను వ్రాసిపెట్టి మనకు మహోపకారము చేసిరి. అయినను ఆ ప్రయాణము చాలవఱకు బోయీల భుజములమీదనే సాగినది. ఆ గ్రంథమును చదివినప్పుడెల్ల, ఆయనయందలి గౌరవముతోపాటు, ఆ బోయీలకు వ్రాయు విద్యయే యుండినచో ఆ త్రోవనుగూర్చి యేమి వ్రాసియుందురో యను నాలోచన మాకు కలుగుచుండును.

నడచి చూచినవానికి దేశమొక తీరున కనబడును. వాహనమెక్కి చూచినవానికి మఱియొక తీరున కనబడును. కారులో పోవువాడు పుణ్యక్షేత్రమునుండి పుణ్యక్షేత్రమునకు పోవును. నడుచువాడో, ఆ రెంటికి నడుమనున్న పొలమును, కాలువను, పాఠశాలను, కల్లుపాకను, శ్మశానమును, వాడను దాటక పోజాలడు. కావుననే గ్రామసంస్కరణమును గుఱించి మాటలాడువారెల్ల సంవత్సరమున కొక్కమాఱైనను నాలుగూళ్లు కాలినడకను తిరిగి రావలెనని మేము చెప్పుచుందుము. మేము చెప్పుటయే కాదు, అప్పుడప్పుడు చేయుచుందుము కూడ.

కృష్ణాజిల్లాలో కూచిపూడి, మొవ్వ, ఘంటసాల, శ్రీకాకుళము అను నాలుగు గ్రామములు కలవు. ఉత్తరమున నున్న పట్టణమగు శ్రీకాకుళము వేఱు, కృష్ణయొడ్డుననున్న యీ శ్రీకాకుళము వేఱు. ఈ నాలుగింటిని తీరికగా రెండు దినములలో నడచి చూడవచ్చును. సంక్రాంతి దాటిన పిదప మిత్రులము ముగ్గురము, మా యిండ్లలోని స్త్రీలు ఇద్దరు, ఈ త్రోవను పట్టితిమి. అప్పటికి వరికోతలు ముగిసినవి. కోసిన వరిమోళ్ల నడుమ మినుము పచ్చగా లేచియున్నది. అచ్చటచ్చట చెఱకు, కాలువగట్లపై కొబ్బరి, తాడి. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట ముగిసినదాది యీ నేల కృష్ణనీటితోనే బ్రదుకుచున్నది. 1957లో ప్రకాశము బారేజి వచ్చిన పిమ్మటను ఆ కాలువల యొడ్డులే యిచ్చటి పాదచారులకు రాజమార్గములు.

కూచిపూడిని గూర్చి తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. సిద్ధేంద్రయోగి భామాకలాపమును కూర్చి బ్రాహ్మణబాలురకు నేర్పెననియు, గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా ఆ కళను చూచి మెచ్చి యా గ్రామమును భాగవతుల కగ్రహారముగా నిచ్చెననియు సంప్రదాయము. మతము వేఱైన ప్రభువు కృష్ణకథను చూచి యూరిచ్చుట మఱవదగిన విషయము కాదు. అయితే ఆ కథలో సత్యభామ యలిగి జడ విసరినను, ఆ జడ పురుషునిదే. తరతరములు స్త్రీకి ఆ రంగస్థలముపై చోటు లేకపోయెను. ఇరువదవ శతాబ్దమున వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రిగారివంటి గురువులు స్త్రీలకు విద్య నేర్పిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున అకాడమీని స్థాపించిరి. నేడు ఆ నాట్యమును దేశదేశముల నిలుపుచున్నవారిలో స్త్రీలే యెక్కువ. స్త్రీలు వచ్చినచో కళ చెడునని భయపడినవారు, వారు రాకున్నచో కళ యేమై యుండెడిదో యోచింపవలెను.

అచ్చటినుండి మొవ్వకు దూరము స్వల్పము. పదునేడవ శతాబ్దమున పదములు రచించిన క్షేత్రయ్య కొలిచిన వేణుగోపాలస్వామి యిచ్చట నున్నాడు. ఆ మహానుభావుడు మధుర, తంజావూరు, గోలకొండ ప్రభువుల కొలువులకు పోయి వచ్చెను. క్షేత్రములు తిరిగినందుననే ఆ పేరు వచ్చినదందురు. ఆయన పదములను అభినయించి, కంఠస్థము చేసి, కూతునకు తల్లి యొప్పగించుచు కాపాడినవారు ప్రధానముగా దేవదాసీ కుటుంబముల స్త్రీలు. 1947లో చెన్నరాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము వచ్చినది. ఆ దురాచారము పోవుట న్యాయము, పోవలసినదే. కాని దురాచారమును తిట్టు తొందరలో, ఆ స్త్రీలు దాచి యిచ్చిన విద్యకు కృతజ్ఞత చెప్పుట లోకము మఱచినది. దేవాలయ మండపమున కూర్చుండి మాతో వచ్చిన యామె యీ మాట చెప్పగా, పూజారిగారు కూడ తలయూచిరి.

మొవ్వ దాటిన పిమ్మట మాకొక ముసలమ్మ యెదురయ్యెను. తలపై గడ్డిమోపు, చేత కొడవలి. మమ్మెగాదిగ చూచి, "ఏమయ్యా, బస్సు తప్పిపోయిందా?" అని యడిగెను.

"లేదమ్మా, ఊళ్లు చూద్దామని నడుస్తున్నాం."

"ఇదేం చోద్యం! నడవక తప్పనివాళ్లం మేము నడుస్తాం గాని, మీకేం ఖర్మ?" అని నవ్వి, మాతోనున్న స్త్రీలవైపు తిరిగి, "వీళ్లని కూడా నడిపిస్తున్నారే!" అనెను.

"మేమే వీళ్లని నడిపిస్తున్నాం, పెద్దమ్మా" అని మా స్త్రీలలో నొకరనగా ముసలమ్మ మోపు కదలునంతగా నవ్వినది.

ఆమె ప్రశ్న మాకు చాలసేపు తోడు వచ్చినది. ఆ దారిని దినమునకు నాలుగుమాఱులు మోపుతో నడచు స్త్రీని ఎవరును వింతగా చూడరు. చేతులూపుకొనుచు, గాలి పీల్చుకొనుచు, ఊరు చూడవచ్చిన స్త్రీని మాత్రము రచ్చబండనుండి పదిమంది చూతురు. కూచిపూడిలోను మొవ్వలోను పురుషులు మమ్మడిగిరే కాని, ఎచ్చటనుండి వచ్చితిరని మా స్త్రీలనడిగినవారు లేరు. స్త్రీ పనికై నడువవచ్చును, మ్రొక్కుబడికై నడువవచ్చును, తన యిష్టమునకై నడువరాదను నియమము నే శాస్త్రము విధించినది? చదువుకున్న కుటుంబములలో సహితము ఆడపిల్లను పదిమైళ్ల నడకకు పంపుటకు వెనుదీయుచున్నాము. ఆ పిల్ల రేపు వైద్యురాలై, ఉపాధ్యాయినియై పల్లెకు పోవలసినచో, దారి యెవ్వరు చూపుదురు?

ఘంటసాల చేరునప్పటికి ప్రొద్దు వాలినది. ఈ చిన్న యూరు ఒకప్పుడు రేవుపట్టణము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున గ్రీకు భూగోళకర్త టాలెమీ పేర్కొన్న కంటకొస్సిలయే యిదియని పండితుల మతము. శాసనములలో కంటకసేల యను పేరు కనబడును. ఇచ్చట దొరికిన శాసనములలో నొకదానియందు మహానావికుని ప్రస్తావన కలదు. నేడు సముద్రము పలుక్రోసుల దూరము జరిగిపోయినది. కృష్ణ తెచ్చిన యొండ్రు రేవును పొలముగా మార్చినది. శివాలయమున వెలసిన దేవుని పేరు మాత్రము నేటికిని జలధీశ్వరుడే! సముద్రము పోయినను పేరు పోలేదు. బౌద్ధస్తూపపు దిబ్బను అలెగ్జాండర్ రీ యను నుద్యోగి పరిశోధించి, భట్టిప్రోలు, గుడివాడ స్తూపములతో కలిపి 1894లో గ్రంథముగా ప్రకటించెను. ఓడలెక్కి పరదేశములకు పోయిన జాతివారు, తరువాతి కాలమున సముద్రయానము చేసినవానికి ప్రాయశ్చిత్తము విధించిరి. ఆ దిబ్బపై నిలిచినప్పుడు మన యాచారములన్నియు అనాదిసిద్ధములన్న మాట యెంత డొల్లదో తెలియును.

మఱునాడు శ్రీకాకుళము. ఆంధ్రమహావిష్ణువు ఆలయమిచ్చటిది. కళింగదండయాత్రకు పోవుచు కృష్ణదేవరాయ లిచ్చట ఏకాదశి నుపవసింపగా, స్వామి స్వప్నమున కనబడి తెలుగున కావ్యము చెప్పుమని యాజ్ఞాపించెనని ఆముక్తమాల్యద యవతారిక తెలుపుచున్నది. తరువాతి కాలమున కాసుల పురుషోత్తమకవి యీ దేవునిమీదనే ఆంధ్రనాయకశతకము చెప్పెను. అందు దేవుని పొగడినట్లు తిట్టెను, తిట్టినట్లు పొగడెను. చక్రవర్తి స్వప్నమును, పేదకవి నిష్ఠురమును ఒక్క గుడి భరించుట మా కెంతయు నచ్చినది.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయము ఈ గుడులకు సంబంధించినది కాదు, వానినడుమ దారులకు సంబంధించినది. గోదావరి సీమలో పుంత యనియు, కృష్ణా గుంటూరు సీమలలో డొంక యనియు పిలుచు నీ దారులు పల్లెలకు నరములవంటివి. పశువులు మేతకు పోవుటకు, ఎరువుబండ్లు పొలమునకు పోవుటకు, పాడె శ్మశానమునకు పోవుటకు ఇవే త్రోవలు. ఇవి యెవ్వరి సొంతమును కావు. గ్రామపటములలో పోరంబోకుగా గీయబడి యుండును. ఎవ్వరివియు కానందుననే అందఱు కొంచెము కొంచెము తినివేయుచున్నారు.

త్రోవలో మాతో కొంతదూరము నడచిన వృద్ధుడగు రైతొకడు ఇట్లనెను: "మా చిన్నప్పుడీ డొంకలో రెండు బళ్లు ఎదురుపడినా తప్పుకోనక్కర్లేదండి. ఇప్పుడు సైకిలు కూడా దిగి నడిపించుకోవాలి."

"ఎవరు కలుపుకున్నారండీ?"

"ఎవరని చెప్తామండి? ఏటా అటువాళ్లొక చాలు, ఇటువాళ్లొక చాలు. నాదీ ఒక చాలు ఉండే ఉంటుందిలెండి."

ఈ సత్యవాక్యము మాకు పెక్కు నివేదికలకంటె విలువైనదిగా తోచినది.

మఱికొంత దూరము పోగా డొంకయే మాయమైనది. దానికడ్డముగా చేపల చెఱువు త్రవ్వి గట్టు పోసి, ఇనుపకంచె వేసియున్నారు. ఆ యూరి పేరు, ఆ యాసామి పేరు మే మిచ్చట చెప్పబోము. ఒకరి పేరు చెప్పిన తక్కినవారు నిర్దోషులనుకొందురు. ఆ డొంక దళితవాడనుండి పొలములకును, వారి శ్మశానమునకును పోవు దారి. ఇప్పుడు వాడలోని కూలిస్త్రీలు తెల్లవాఱక మునుపే లారీలు పరుగులెత్తు తారురోడ్డు వెంట చుట్టు తిరిగి పోవుచున్నారు. పిల్లలు బడికి నదే దారిని పోవుచున్నారు. "ఎవరైనా పోతే శవాన్ని ఎటు తీసుకుపోవాలో తెలీదండి. గట్టుమీదుగా పోనివ్వమని బతిమాలుకోవాలి" అని యొక యువకుడు చెప్పినపుడు, అతని కంఠమున కోపముకంటె సిగ్గే యెక్కువగా వినబడినది. సిగ్గు పడవలసినవాడు అతడా?

రాజ్యాంగము 1950నుండి యమలులో నున్నది. అందలి పదునైదవ అధికరణము బావులు, చెఱువులు, స్నానఘట్టములతోపాటు రోడ్లను కూడ పేర్కొని, కులమును బట్టి యెవ్వరికిని వాని వాడుక నడ్డగింపరాదని శాసించినది. పూర్వము వైకము గ్రామమున 1924-25లో గుడిచుట్టునున్న దారిపై నడచు హక్కునకై సత్యాగ్రహము జరిగెను. నాడు "నీవు నడువరాదు" అని బోర్డు కట్టిరి. నేడు బోర్డు లేదు, దారియే లేదు. బోర్డును పెఱికి వేయుట సులభము. లేని దారిపై నడచుట యెట్లు?

ఇంగ్లండునందును ఈ తగవు కలదు. 1932లో కిండర్ స్కౌటను కొండపై శ్రామికులు వందలకొలది గుమిగూడి, భూస్వాముల నిషేధమును ధిక్కరించి నడచి, కొందఱు చెఱసాలకు పోయిరి. 1949లో వచ్చిన చట్టము ప్రతి మండలమునందును కాలిదారులను పటముపై గుర్తింపవలెనని నిర్ణయించినది. పటముపై దారి యున్నచో అది పొలమునడుమ పోయినను బాటసారి నడ్డగింపరాదు. మనకు పటములు లేకపోలేదు. మనము వానిని విప్పి చూచుట లేదు. గ్రామపు టుమ్మడి భూముల యాక్రమణలను తొలగించుటకు పథకములు సిద్ధము చేయుడని సుప్రీంకోర్టు 2011లో జగపాల్ సింగ్ వ్యాజ్యమున రాష్ట్రములన్నిటికి ఆజ్ఞయిచ్చినది. 2005నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఎవ్వరైనను తమ గ్రామపటమును కోరవచ్చును.

కావున చదువరులు చేయదగిన పనులు కొన్ని కలవు. మొదట మీ స్వగ్రామపటమును తెప్పించి డొంకలను గుర్తింపుడు. తరువాత పటమును చేతపట్టుకొని, కుటుంబముతో, స్త్రీలతో, పిల్లలతో ఆ దారులను నడువుడు. దారి తెగినచోట వ్రాసికొని గ్రామసభలో చదువుడు. మీ పొలముగట్టును కూడ కొలిపించుట మఱవవలదు. ఆ వృద్ధుడు చెప్పిన చాలు మన తాతలు దున్నినదై యుండవచ్చును. దొరికిన దారి కిరుప్రక్కల వేప, కానుగ నాటి, త్రాగునీటికొక తొట్టి పెట్టించిన చాలు. పాలరాతి తోరణము లక్కఱలేదు. చూడవచ్చువారు వాడను తప్పించి గుడికి మాత్రము పోవునట్లు దారి నేర్పరుపవలదు. మన గ్రామములలో చూడదగినదానిని చూపి, సిగ్గుపడదగినదానిని దాచు దారి విహారమునకు పనికివచ్చునేమో కాని జ్ఞానమునకు పనికిరాదు.

రాయలు కలగన్న యూరికి, క్షేత్రయ్య పాడిన యూరికి దారి నిలుపుట మనకు గౌరవము. ఆ దారియే కూలికి పోవు స్త్రీకిని, బడికి పోవు బాలునకును, కడసారి పోవు శవమునకును దారియైననే ఆ గౌరవము నిజమగును. రాబోవు పంటకాలమునకు దుక్కి మొదలగును. అంతకుముందే పటము విప్పుట మేలు. నాగలి కదలినచో ఈ యేటి చాలు కూడ దారిలోనే పడును.