హీరోయిన్ ఏటంటాది?

మా ఊరికి రైల్లో వచ్చే చుట్టాలకి నేను ముందే చెప్పి ఉంచుతాను - ఆమదాలవలస అన్న పేరు కోసం కిటికీలోంచి మెడ చాపి చూడకండి, శ్రీకాకుళం రోడ్ వస్తే దిగిపోండి అని. స్టేషనుండేది మా ఊళ్ళో, పేరేమో అవతలున్న జిల్లా కేంద్రానిది. పోనీలెండి, పెద్ద ఊరి పేరు చిన్న ఊరు మోయడం కొత్తేం కాదు. టీవీలోనూ సినిమాల్లోనూ మా సంగతి దీనికి తిరగబడింది. అక్కడ మా ఊరి పేరు వినబడదు గాని మా మాట మాత్రం రోజూ వినబడుతుంది. ఎవరి నోట వినబడుతోందన్నదే నా బాధ.

సాయంకాలం ఏడు కొట్టాక ఏ ఛానెలైనా పెట్టి చూడండి. నిద్రపోయేటప్పుడు కూడా పట్టుచీర విప్పని అత్తగారొకావిడ ఉంటుంది. ఆవిడ కుట్రలన్నీ చక్కటి కృష్ణా, గుంటూరు తెలుగులో పన్నుతుంది. కోడలు కన్నీళ్ళు కూడా ఆ తెలుగులోనే కారుస్తుంది. అంతలో వంటింట్లోంచి గరిటె పట్టుకుని ఒకావిడ పరుగెత్తుకొస్తుంది. "ఏటమ్మగోరూ, ఏటైనాది?" అంటుంది. వెనకనించి 'టింగ్'మని ఒక సంగీతం. మనం నవ్వాలని గుర్తన్నమాట!

నవలలు రాసుకునేదాన్ని కనక, అనుమానం వస్తే కాగితం మీద పెడితేగాని నాకు నిద్ర పట్టదు. పాల లెక్క రాసే పుస్తకం తిరగేసి, వెనక పేజీల్లో మూడు గళ్ళు గీశాను. మా యాసలో మాట్లాడిందెవరు? వాళ్ళు చేసే పనేమిటి? ఆ మాట వెనక నవ్వుల సంగీతం వేశారా, లేదా? మా వారు కళ్ళజోడు పైకెత్తి, "సీరియళ్ళు చూసేవాళ్ళని చూశాను గాని, ఆడిట్ చేసేవాళ్ళని చూడ్డం ఇదే" అన్నారు. అననివ్వండి. నెల్లాళ్ళు చూశాను. నా గళ్ళలోకి వంటమనిషి వచ్చింది, తోటమాలి వచ్చాడు, వాచ్‌మన్ వచ్చాడు, పట్నం చూసి నోరు తెరిచే పల్లెటూరి చుట్టం వచ్చాడు. డాక్టరు రాలేదు, కలెక్టరు రాలేదు, పెళ్ళికూతురు అసలే రాలేదు. నేను చూసిన మేరకే చెబుతున్నాను సుమా! మీరూ ఓ పుస్తకం తీసి గళ్ళు గీసి చూడండి, ఎవరొస్తారో.

ఇంతకీ ఆ వంటావిడ మాట్లాడేది మా యాసేనా? అక్కడా ఓ తిరకాసుంది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది. వ్యవసాయం మాటలన్నీ ఊరూరా రైతుల నోట విని పోగుచేసిన పుస్తకం. దాన్ని తయారుచేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగునేలని మాటని బట్టి పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలని నాలుగు చేశారు. విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలు పూర్వ మండలం. విజయనగరం జిల్లా 1979లో ఆ రెండింట్లోంచే పుట్టింది కనక అదీ అంతే. అంటే మా మాటకో నేల ఉంది, దానికో వ్యాకరణం ఉంది. మేం 'ఏమిటి' అనకుండా 'ఏటి' అంటాం. 'వండేశాను' అనకుండా 'వండీసేను' అంటాం. అక్కని అప్ప అంటాం, వాగుని గెడ్డ అంటాం. ఇవి ప్లీడరుగారి వరండాలోనూ వినబడతాయి, కూలివాడి అరుగు మీదా వినబడతాయి. 'చేస్తున్నావు' అనకుండా 'సేత్తన్నావు' అనడం వేరే సంగతి. అది బడి మొహం చూడనిచ్చారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చే తేడా. గోదావరి పల్లెల్లోనూ వింటాం. సీరియల్ వాళ్ళు ఈ రెండూ కలిపి రుబ్బేసి, పైన ఓ 'ఓలమ్మో' తాలింపు వేసి, శ్రీకాకుళం యాస అని వడ్డిస్తున్నారు. ఊరి గుర్తూ, చదువులేమి గుర్తూ ఒకటైపోయాయి. చిక్కంతా ఇక్కడుంది.

ఈ రెంటినీ విడదీసి చూపించినాయన ఎప్పుడో ఉన్నాడు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అందులో గిరీశం, రామప్పపంతులు, మధురవాణి, లుబ్ధావధాన్లు - అంతా ఆ నేల మాటే మాట్లాడతారు. నౌకరు అసిరిగాడూ ఆ నేల మాటే మాట్లాడతాడు, కాని వాడి ధోరణి వేరు. వాడవాడకీ మాట మారుతుందనీ, ఊరు మాత్రం అందరిదీ ఒకటేననీ గురజాడవారికి తెలుసు. ఆ నాటకం చూసి మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. 1955లో రామారావుగారు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా వచ్చిన సినిమా చూసీ నవ్వుతాం. ఎందుకు నవ్వుతున్నాం? గిరీశం కోతలకి, రామప్పంతులు జిత్తులకి. యాసకి నవ్వాలంటే అందరినీ చూసి నవ్వాలి మరి! కనక, "హాస్యం కూడా తప్పేనా అమ్మా?" అని నన్నడిగేవాళ్ళకి నా జవాబు: హాస్యం తప్పు కాదు. ఇంటిల్లిపాదీ ఒక మాట, వంటావిడ ఒక్కర్తే మా మాట మాట్లాడినప్పుడు ఆ నవ్వు దేని మీద పడుతోందో ఒక్కసారి చూడమంటున్నాను.

ఎలా జరిగిందిది? ఎవరో కూర్చుని కుట్ర పన్నారని నేననను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, మూడేళ్ళకి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట. కాలవలొచ్చాయి, పంటలొచ్చాయి, పంట వెనక బళ్ళూ, అచ్చాఫీసులూ వచ్చాయి. ఆ డబ్బు మద్రాసు వెళ్ళి సినిమాలు తీసింది. 1948లో రేడియో స్టేషనూ బెజవాడకే వచ్చింది. డబ్బున్నవాడి మాట సొగసుగా వినబడటం లోకంలో మామూలే. మరి మా వైపునించి బయటికి వెళ్ళిందెవరు? కూలీలు. అప్పట్లో రంగం ఓడ ఎక్కారు, తరవాత హైదరాబాదులో మేడలు కట్టడానికి రైలెక్కారు. పట్నంలో కూర్చుని కథ రాసేవాడి చెవిన మా మాట మొదట పడింది తన మేడకి ఇసక మోసే మనిషి నోట, అంట్లు తోమే మనిషి నోట. విన్నదే రాశాడు.

మరి మా వైపు మేష్టర్లు, ఇంజనీర్లు పట్నం వెళ్ళలేదా? బోలెడుమంది వెళ్ళారు. రైలు దిగేలోపలే వాళ్ళు 'ఏటి'ని 'ఏమిటి' చేసేసుకున్నారు! చదువుకున్నవాళ్ళం దాచుకున్నకొద్దీ, ఆ మాట చదువులేనివాళ్ళదన్న నమ్మకం గట్టిపడింది. ఆ నమ్మకం గట్టిపడ్డకొద్దీ మేం మరింత దాచుకున్నాం. విచిత్రమేమిటంటే, వాడుకభాషలో రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మా జిల్లాలోనే, పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజున మా వైపు వేదికలెక్కిన వాళ్ళు కూడా బెజవాడ తెలుగులోనే ప్రసంగిస్తారు.

సీరియళ్ళనే అనడం న్యాయం కాదు, మా నవలల మాటేమిటని శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్ళాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన గ్రంథాలయం అది. పాత పత్రికలు తిరగేస్తుంటే పొద్దు తెలీదు. చాసో, రావిశాస్త్రి, కారా మాస్టారు - ఈ నేల మాటలతో ఎంత గొప్ప కథలు రాశారో చెప్పక్కర్లేదు. అయితే మా అమ్మలూ పిన్నులూ దాచుకుని చదివిన ప్రేమ నవలల్లో నాయిక ఎక్కడ పుట్టినా ఒకే తెలుగు మాట్లాడుతుంది. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' 1976లో సినిమా కూడా అయింది. ఆవిడది కృష్ణాజిల్లా, ఆవిడ నాయిక అలా మాట్లాడటం సహజం. ఆ జయంతి మా ఆమదాలవలసలో పుట్టి ఉంటే రాజశేఖరంతో ఏ తెలుగులో పోట్లాడేదా అని నాకో సరదా ఊహ.

ఊహతో ఊరుకోలేదు. కొన్నేళ్ళ క్రితం నా నవల్లో నాయిక చేత ఇంట్లో అప్పతో మా మాటే మాట్లాడించాను. పేరెందుకు గాని, ఒక పత్రికనించి ఫోనొచ్చింది. "కథ బాగుందండీ. పనిమనిషి యాస ఉంచండి, ఫరవాలేదు. హీరోయిన్‌ది మార్చండి. పాఠకులు ఆ అమ్మాయిని ప్రేమించాలి కదా!" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో! నవల వెనక్కి తెప్పించుకున్నాను.

ఇదంతా రచయిత్రి గోలేననుకుంటారేమో. మా పెద్దప్ప సంగతి చెబుతాను. కూతురి కాపురం హైదరాబాదులో. వారానికోసారి ఫోన్లో మనవడితో గంటసేపు కబుర్లాడేది. ఓ ఆదివారం ఆ పిల్లాడు పకపకా నవ్వి, "అమ్మమ్మా, నువ్వు అచ్చం సీరియల్లో వంటామెలా మాట్లాడతావ్!" అన్నాడు. ఏడేళ్ళ గుంటడు, వాడిదేం తప్పు? అమ్మమ్మ మాట వాడు ఇంకెక్కడ విన్నాడు గనక! వాళ్ళమ్మ ఎప్పుడో మానేసింది. అప్ప కోప్పడలేదు. ఆ తరవాతనించి ఫోనెత్తితే "బాగున్నావా నాన్నా, భోజనం చేశావా" అని పాఠం అప్పజెప్పినట్టు నాలుగు ముక్కలని అల్లుడికిచ్చేస్తోంది. కథలు లేవు, పాటలు లేవు. "ఏటి సెప్పమంతావే, ఆడికి నవ్వులాటగుంది" అంది నాతో. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి!

"మీ యాసలో సినిమా తీస్తే ఎవరికర్థమవుతుంది, ఎవరు చూస్తారు?" అనేవాళ్ళూ ఉన్నారు. తెలంగాణ మాటకీ ఒకప్పుడు ఇదే అన్నారు. 1985లో 'ప్రతిఘటన'లో ఆ మాట విలన్‌కిచ్చారు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి భానుమతికిచ్చారు. ఊళ్ళకూళ్ళే ఆ పిల్లని ప్రేమించాయి. మా వైపూ గాలి మళ్ళుతోంది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం', 2020లో 'పలాస 1978' వచ్చాయి. 2025లో 'తండేల్'లో మా బెస్తవాళ్ళ కథలో నాయకుడూ నాయికా ఇద్దరూ మా మాటే మాట్లాడారు. భానుమతీ, ఈ సత్యా ఒక్కరే - సాయిపల్లవి. కోయంబత్తూరులో పెరిగిన పిల్ల రెండు యాసలు నేర్చుకోగలిగింది, వినడానికి మనకొచ్చిన కష్టమేమిటి?

కాని సినిమాకి ఏడాదికోసారి వెళతాం. సీరియల్ రోజూ మనింటికొస్తుంది. అందుకని మా వైపు తల్లులకి ఒక్క మనవి. పిల్లలకి స్కూలు తెలుగూ, ఇంగ్లీషూ నేర్పండి, వద్దనను. ఇంట్లో నోరు జారి 'ఏటి' అన్నప్పుడు మాత్రం నెత్తిన మొట్టకండి. ఆ మాట వాళ్ళు మొదటిసారి వంటామె నోట కాకుండా మీ నోట వినాలి.

నేను మళ్ళీ నవల మొదలుపెట్టాను. నాయిక వంతెనలు కట్టే ఇంజనీరు, మా గెడ్డ ఒడ్డునే పుట్టింది, మొదటి పేజీలోనే "ఏటి?" అంటుంది. మా వారు కాగితాలు తిరగేసి, "మరి ఆ ఇంట్లో వంటమనిషి ఏ తెలుగు మాట్లాడుతుంది?" అనడిగారు.

"ఆవిడదీ మా ఊరేనండీ. ఒకరి మాట విని ఒకరు నవ్వుకోరు" అన్నాను.