దమ్మక్క వేసిన పందిరి

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటితే దారి పొడవునా అడవే. గోదావరి వంతెన దాటగానే భద్రాచలం.

ఈ ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేది రామదాసే. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న. మేనమామలు అక్కన్న, మాదన్నలు. తానీషా పాలనలో (1672-86) పాల్వంచ తహసీల్దారుగా ఉండి గుడి కట్టించాడు. ఆయన కుటుంబమంతా చరిత్రకెక్కింది.

అంతకుముందే భద్రిరెడ్డిపాలెంలో పోకల దమ్మక్క అనే గిరిజన మహిళ ఉండేది. పుట్టలోని విగ్రహాలను వెలికితీసి, పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. ఆమె గురించి మిగిలింది పేరూ, ఊరూ, ఈ కథే.

ఖజానా సొమ్ము గుడికి వాడిన గోపన్న జైలుపాలయ్యాడు. ఆయన్ను బంధించిన గదిని గోల్కొండలో ఇప్పటికీ చూపిస్తారు. దమ్మక్క గుర్తు కోసం మాత్రం ఎక్కడా వెతకనక్కర్లేదు. ఆమె పందిరి చోటే రాముడి గుడి లేచింది.